ఎడమవైపు ఖాళీ గడి

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నాకు డైరీ రాసే అలవాటు ఉంది. లేచిన వేళ, వాన పడిందా లేదా, ఆ రోజు చెప్పిన పాఠం, కలిసిన మనుషులు. అంతకు మించి గొప్ప విషయాలేమీ ఉండవు. రిటైరయ్యాక వాటన్నిటినీ ఏళ్ల వారీగా పేర్చి, అట్టల మీద చీటీలు అంటించాను. అరవై ఎనిమిదో సంవత్సరం డైరీ ఒక్కటే సరిగా మూసుకోదు. దాని మధ్యలో మడత పెట్టిన ఫుల్‌స్కేప్ కాగితం ఒకటి ఉంది. కాగితం నడుమ పెన్సిలుతో గీసిన నిలువు గీత. గీతకు కుడివైపు ఒకరి చేతిరాత, ఎడమవైపు నా చేతిరాత. ఆ కాగితం నా దగ్గరికి ఎలా వచ్చిందో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మాది గుంటూరు వైపు. అమ్మానాన్నలిద్దరూ మిషన్ బడిలో టీచర్లు. నేను హైదరాబాదుకు వచ్చి ఒక హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరి మూడేళ్లయింది. ఆ ఏడు వానాకాలంలో, ఉద్యోగంలో ఉన్న సోషల్ టీచర్లకు యూనివర్సిటీలో ఆరు వారాల శిక్షణ పెట్టారు. పుస్తకంలో ఉన్నది చదివించి అప్పజెప్పించుకునే పద్ధతి మానిపించి, ప్రశ్నలతో పాఠం నడపడం నేర్పాలన్నది ఉద్దేశం. ఉదయం ఉపన్యాసాలు వినేవాళ్లం. మధ్యాహ్నం క్యాంపస్ పక్కనే ఉన్న ప్రాక్టీసు బడికి వెళ్లి పాఠాలు చెప్పేవాళ్లం. చివరి రెండు వారాల్లో ఒక్కొక్కరు ఒక పరీక్ష పాఠం చెప్పాలి. దాన్ని క్రిటిసిజం లెసన్ అనేవాళ్లు. తోటి టీచర్లందరూ వెనక బెంచీల మీద కూర్చుని మన తప్పులు రాసుకుంటారు. పాఠం అయ్యాక ఒక్కొక్కరే లేచి వాటిని చదువుతారు. చెప్పేవాడికి చెమటలు పట్టడానికి ఆ వెనక బెంచీల్లో పెన్నులు కదిలే చప్పుడే చాలు.

మమ్మల్ని ఇద్దరిద్దరు చొప్పున జతలు చేశారు. జతలో ఒకరు పాఠం చెబుతుంటే రెండోవారు పరిశీలన పుస్తకం నింపాలి. మార్కులు వేసేటప్పుడు ఆ పుస్తకాన్నే ముందు చూసేవారు. నాకు జతగా వచ్చినాయనకు నలభై అయిదేళ్లు పైబడి ఉంటాయి. సన్నటి మనిషి, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, ప్యాంటు మడమల దగ్గర సైకిలు క్లిప్పులు. గోల్నాకలో బంధువుల ఇంట్లో దిగి, అంబర్‌పేట మీదుగా రోజూ సైకిలు మీద వచ్చేవారు.

మొదటి రోజు పలకరిద్దామని, "మాష్టారూ, మీది ఏ ఊరండీ?" అన్నాను.

"నల్గొండ తరఫు. గని తమ్మీ, నన్ను మాష్టారు అనకు. మా దిక్కు మాష్టారంటే హార్మోనియం పెట్టె ముందట కూసున్నోడు. సార్ అను, చాలు."

ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. నిజాం కాలపు బడి. తరవాత టీచరై పదహారేళ్లు ఉర్దూ మీడియంలోనే చరిత్ర, భూగోళం చెప్పారు. ఆ తరగతుల్లో పిల్లలు ఏటేటా తగ్గిపోయి, చివరికి ఆయన్ను తెలుగు మీడియానికి మార్చారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆయన మాట్లాడుతుంటే వినాలనిపించేది. రాయడం దగ్గరే ఇబ్బంది. ఒక్కొక్క అక్షరాన్ని సూదితో కుట్టినంత నెమ్మదిగా రాసేవారు. ఉపన్యాసాల్లో నోట్సు ఉర్దూలో గబగబా రాసుకుని, రాత్రి ఇంటి దగ్గర తెలుగులోకి దించుకునేవారు.

నేను తార్నాకలో ఒక ఇంటి వెనక గదిలో అద్దెకు ఉండేవాణ్ణి. అప్పుడు తార్నాక అంటే విడివిడిగా కొన్ని బంగళాలు, మధ్యలో బండరాళ్లు, తుమ్మ చెట్లు. సాయంత్రం తరగతులయ్యాక ఆయన సైకిలు నడిపించుకుంటూ నాతో చౌరస్తా దాకా వచ్చేవారు. అక్కడ ఇరానీ హోటల్లో ఒక చాయ్ చెప్పి ఇద్దరం సగం సగం తాగేవాళ్లం. రెండో వారంలో ఒక రోజు, అక్కడే, సాసరులో చాయ్ పోసుకుంటూ తన సంగతి చెప్పారు.

"మా హెడ్మాస్టర్ సాబ్ సాఫ్ చెప్పిండు తమ్మీ. సర్టిఫికెట్ల 'తృప్తికరం' అని వస్తే ఉన్న బడిల్నే ఉంచుతరు. లేకుంటే చిన్నబడికి బదిలీ."

"చిన్నబడి అయితే ఏమండీ? జీతం మారదు కదా."

"చిన్నపిల్లలకు చెప్పుడు తక్కువ పని అని నేనంటలేను. గని ఖాళీ ఉన్నది ఒక్క ఊర్లనే. గాడ పెద్దబడి లేదు. నా బిడ్డ తొమ్మిదిల ఉన్నది. ఇప్పుడు ఊరు మారితే దాని చదువు ఆడికే ఖతం."

"హాస్టల్లో పెట్టొచ్చు కదండీ."

"మా అమ్మ ఒప్పుకోదు. అమ్మ ఒప్పుకున్నా బిడ్డ ఒప్పుకోదు. నేను పక్కన కూసుంటేనే లెక్కలు చేస్తది. లెక్కలు నాకు రావు. అయినా కూసోవాలె." సాసరు కింద పెట్టి నవ్వారు. "నువ్వు ఫికర్ చెయ్యకు. జర ఆ తెలుగు రాత సంగతి చూడు, అంతే."

ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను: 'జత సార్‌కు సహాయం చేయవలెను.' ఆ మాట కింద గీత కూడా గీశాను.

నా పరీక్ష పాఠం ముందు వచ్చింది. ఎనిమిదో తరగతి, రుతుపవనాలు. వారం రోజులు తయారయ్యాను. భారతదేశం పటం గీసి, గాలులకు నీలం బాణాలు వేశాను. పాఠ్య పథకంలో ప్రతి ప్రశ్నకు ఎదురుగా పిల్లలు చెప్పవలసిన జవాబు రాశాను. ఏ ప్రశ్నకు ఎన్ని నిమిషాలో మార్జిన్‌లో వేసుకున్నాను. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని మొదలుపెట్టాను. ప్రశ్న వేయగానే పది చేతులు లేచాయి. నేను రాసుకున్న జవాబులు రాసుకున్నట్టే వచ్చాయి. పాఠం మధ్యలో బయట పెద్ద వాన పట్టుకుంది. నేను గొంతు పెంచాను. పిల్లలు కదలకుండా పటం వైపే చూస్తూ కూర్చున్నారు. గంట కొట్టడానికి అర నిమిషం ముందు ముగించాను. నా జత సార్ పరిశీలన పుస్తకంలో ఉర్దూ వాలుతో ఉన్న తెలుగు అక్షరాల్లో రాశారు: 'అన్ని జవాబులు వచ్చినవి.' మాకు బోధనా పద్ధతులు చెప్పే మేడం, ఎప్పుడూ తెల్ల నూలు చీరలో ఉండే ఆవిడ, నాకు 'ఉత్తమం' వేశారు. మా మొత్తం బృందంలో ఆ మాట పడింది ఇద్దరికే.

సార్ పాఠం రెండు రోజుల తర్వాత. అంశం పురపాలక సంఘం. ముందు రోజు సాయంత్రం నా గదికి పథకం పట్టుకొచ్చారు. ఫుల్‌స్కేప్ కాగితం, మధ్యలో నిలువు గీత. గీతకు కుడివైపు ప్రశ్నలున్నాయి. ఎడమవైపు పైన 'పిల్లలు' అని రాసి ఉంది. దాని కింద ఏమీ లేదు.

"ఇదేమిటండీ, తిరగేసి గీశారు? టీచరు గడి ఎడమవైపు కదా ఉండాలి."

ఆయన ఒక్క క్షణం కాగితం వైపు చూసి నాలుక కరుచుకున్నారు. "అరె! చెయ్యి కుడికెల్లి మొదలువెట్టింది తమ్మీ. నలభై ఏండ్ల అలవాటు. తెలుగు అక్షరాలు దిద్దుకున్న గని గీతలు ఇంకా ఉర్దూలనే ఉన్నయి."

"సరే, పిల్లల గడి ఖాళీగా ఉందేమిటి?"

"ఆ ఖానానా? పిల్లలు చెప్పకముందే నేనెట్ల రాస్త?"

నాకు నవ్వొచ్చింది. జాలి కూడా వేసింది. ఆయన ప్రశ్నలు చదివాను. 'మీ ఇంట్ల నీళ్లు యాడికెల్లి వస్తయి?' 'నల్లా బంద్ అయితే ఎవరికి చెప్తరు?' 'ముందుగాల ఎవరు పట్టుకోవాలె? అని ఎవరు చెప్పిన్రు?' ఇవి పరీక్ష పాఠంలో చెల్లవని నాకు గట్టి నమ్మకం. మేడం మంచిదే కానీ వెనక బెంచీల వాళ్లు ఊరుకోరు. కొత్త కాగితం తీసి, గీతలు సరైన వరసలో గీసి, పథకం మొత్తం నేనే రాసిపెట్టాను. 'నీటి సరఫరా చేయు సంస్థ ఏది?' 'పురపాలక సంఘము యొక్క ముఖ్య విధులేవి?' ఎదురుగా పది జవాబులు. నా చేతిరాత ఆ రోజుల్లో ముత్యాల్లా ఉండేది. ఆయన రెండు చేతులతో కాగితం అందుకున్నారు.

"ఇంత తీరుగ ఉన్నదాన్ని నేను చదవాల్నా, ఫ్రేమ్ కట్టి గోడకు వెయ్యాల్నా?"

ఆయన వదిలేసి వెళ్లిన తన కాగితాన్ని నేను ఫైల్లో పెట్టాను. ఏ కాగితాన్నీ పారేయకపోవడం నాకున్న జబ్బు.

మర్నాడు అదే ఎనిమిదో తరగతిలో ఆయన నా కాగితం చేతిలో పట్టుకునే మొదలుపెట్టారు. మొదటి ప్రశ్న చదివారు. 'సరఫరా చేయు' దగ్గర కొంచెం ఆగారు. రెండో ప్రశ్న 'యొక్క' దగ్గర మళ్లీ ఆగారు. వెనక బెంచీల్లో పెన్నులు కదిలాయి. అప్పుడు ఆయన కాగితం బల్ల మీద బోర్లించి, పిల్లల మధ్యకు నడిచి, తన ధోరణిలో అడిగారు.

"గది కాదు గని, మీ ఇంట్ల నీళ్లు యాడికెల్లి వస్తయి, చెప్పున్రి."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలాంటి ప్రశ్న ఆ గదిలో ఎవరూ అడగలేదు. ముందు బెంచీ కుర్రాడొకడు ధైర్యం చేసి లేచాడు.

"నైరుతి రుతుపవనాల వల్ల సార్!"

తరగతి మొత్తం ఊపిరి పీల్చుకుంది. జవాబు దొరికిందన్న ధీమాతో ఇంకో ముగ్గురు చేతులెత్తారు. సార్ నవ్వేశారు. "శభాష్. మీ ఇంటి మీద సీదా పడ్తయా, బిందెలకు?" అన్నారు. ఆ తర్వాత ఏం చెప్పాలో పిల్లలకు తోచలేదు. ఒక పిల్ల "పంపులో వస్తాయి" అని గొణిగింది. ఒకడు నీరు దేనితో ఏర్పడుతుందో సైన్సు జవాబు చెప్పాడు. నేను వెనక కూర్చుని పరిశీలన పుస్తకం నింపుతున్నాను. పది ఎదురుచూసిన జవాబులు. వాటిని రాసింది నేనే కాబట్టి నాకు కంఠతా వచ్చు. వచ్చినదానికి టిక్కు, రానిదానికి ఇంటూ మార్కు. తొమ్మిది ఇంటూలు, ఒక టిక్కు. చేయి తనంతట తాను వేసుకుంటూ పోయింది. పుట చివర 'వచ్చినవి ఒకటి, రానివి తొమ్మిది' అని కూడి రాసి సంతకం పెట్టినప్పుడు కూడా నేనేం చేస్తున్నానో నాకు తట్టలేదు.

మేడం నా పుస్తకం తీసుకుని చూశారు. చాలాసేపు చూశారు. పక్కన బల్ల మీద బోర్లించి ఉన్న పథకం తిప్పి చూశారు. ఆ తర్వాత ఆయన పేరుకెదురుగా రాసిన మాటలు నాకు దూరం నుంచే కనిపించాయి. 'తృప్తికరం కాదు.'

సైకిలు స్టాండు దగ్గర వేపచెట్టు కింద ఆయన క్లిప్పులు పెట్టుకుంటున్నారు. నేను వెళ్లి నిలబడ్డాను.

"తమ్మీ, నీ గుర్తులు చూసిన," అన్నారు తల ఎత్తకుండా. "అన్నీ ఒక్క సైజుల ఉన్నయి. స్కేలు పెట్టి గీసినవా?"

"మీరు నన్ను తిట్టండి సార్."

"తెలుగుల తిట్టాల్నంటే మాటలు దేవులాడుకోవాలె. ఉర్దూల తిడితే నీకు సమజ్ కాదు. ఎందుకు బేకార్ మెహనత్?" సైకిలు ఎక్కి రెండు అడుగులు పోయి ఆగారు. "నువ్వు రాసింది అబద్ధమైతే కాదు గద. రాని జవాబు రాలేదనే రాసినవు."

ఆ రోజు చాయ్ లేదు. ఆయన అటునుంచి అటే గోల్నాకకు వెళ్లిపోయారు. డైరీలో ఆ తేదీ కింద, పాఠం జరిగిన గంట, వాతావరణం తప్ప ఏమీ లేదు.

మర్నాడు నా పటం తెచ్చుకోవడానికి ప్రాక్టీసు బడికి వెళ్లాను. గోడకు వేలాడుతున్న దాన్ని దించుతుంటే, నా పాఠంలో అందరికంటే ముందు చేయి ఎత్తిన పిల్ల వచ్చి చుట్టడానికి సాయం చేసింది.

"ఈ చార్టు మాకు ఇచ్చేయండి సార్."

"ఎందుకమ్మా?"

"ఇంతవరకూ రుతుపవనాలు చెప్పిన సార్లందరి చార్టుల్లో ఇదే బాగుంది. పోయినసారి సార్ బాణాలు ఉల్టా వేశారు. మేమే చెప్పాం."

"పోయినసారా? ఇది మీకెన్నోసారి?"

"నాలుగోసారి సార్," అంది. నా మొహం చూసి ధైర్యం చెప్పబోయింది. "మీరేం భయపడకండి. ఏ సార్ వచ్చినా మేం కరెక్టుగానే చెప్తాం. నిన్న సార్ అడిగినవే మాకు రాలేదు. పాపం, ఆయనకు తక్కువ పడిందా సార్?"

ఆ పిల్లను నేను నిందించలేను. ఏడాది పొడుగునా కొత్త టీచర్లు వచ్చి పరీక్ష పాఠాలు చెప్పే బడి అది. పిల్లలకు ఎవరి పాఠం ఎలా గట్టెక్కించాలో తెలిసిపోయింది. చుట్టిన పటం చంకలో పెట్టుకుని క్యాంపస్ రోడ్డు మీద నడుస్తుంటే, నా పాఠంలో పట్టుకున్న వాన గుర్తొచ్చింది. రుతుపవనాల పాఠం చెబుతుండగా కిటికీ బయట వాన కురిసింది. పిల్లల్లో ఒక్కరూ అటు చూడలేదు. నేనూ చూడమనలేదు. గొంతు పెంచానంతే.

గదికి వెళ్లి ఫైల్లోంచి సార్ రాసిన కాగితం తీసుకుని నేరుగా మేడం గదికి వెళ్లాను. ఆవిడ చుట్టూ అట్లాసులు, పేర్చిన పరిశీలన పుస్తకాలు.

"మేడం, నిన్నటి పాఠ్య పథకం సార్‌ది కాదండి. నేను రాసిచ్చాను."

ఆవిడ కళ్లజోడు తీశారు. "చేతిరాత చూసి అనుకున్నాను. పూర్తిగా చెప్పండి."

"ప్రశ్నలూ నావేనండి, జవాబులూ నావేనండి. అవి రాలేదని ఇంటూలు వేసిందీ నేనే. ఆయన రాసుకున్న పథకం ఇదండి."

ఆవిడ కాగితాన్ని బల్ల మీద పరిచారు. అందరిలాగే ఎడమవైపు నుంచి చూడటం మొదలుపెట్టారు.

"పిల్లల గడి ముందు పెట్టారేం?"

"ఆయన ఉర్దూలో చదివినవారు కదండీ, కుడి నుంచి గీశారు. మనకు అది ముందుది. ఆయనకు..."

"అర్థమైంది. ఖాళీగా ఎందుకుంది?"

"పిల్లలు చెప్పకముందే నేనెలా రాస్తానన్నారండి."

కుడివైపు ప్రశ్నలు ఒక్కొక్కటే చదివారు. 'ముందుగాల ఎవరు పట్టుకోవాలె? అని ఎవరు చెప్పిన్రు?' దగ్గర వేలు ఆగింది. కిటికీ అవతల ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"మీకు ఉత్తమం ఇచ్చాను కదూ?"

"అవునండి."

"ఒకరి పథకం ఇంకొకరు రాయకూడదని మొదటి రోజే చెప్పాను. మీ ఉత్తమం ఉండదు."

"సరేనండి. ఆ పిల్లలకు నా పాఠం నాలుగోసారి అండి. అది కూడా మీకు తెలియాలి."

మొదటిసారి ఆవిడ మొహంలో నవ్వు కనిపించింది. "ఆ పిల్లలకు నాకంటే బాగా బీఈడీ వచ్చు. నాకు తెలుసు. వేరే బడి దొరక్క సర్దుకుంటున్నాం." ఆ తర్వాత క్యాలెండరు చూశారు. "సర్టిఫికెట్లు శనివారం సంతకానికి వెళ్తాయి. వారాసిగూడ బడి హెడ్మిస్ట్రెస్‌ను అడుగుతాను. అక్కడి పిల్లలు ఇలాంటి పాఠం ఎప్పుడూ చూడలేదు. ఆయన తన కాగితంతోనే చెప్పాలి. బోర్డు మీద రాత కూడా ఆయనదే. అక్కడ బాగా రాకపోతే నేనేమీ చేయలేను. మీరు వెనక కూర్చోండి. టిక్కులూ ఇంటూలూ వద్దు. ఆ ఎడమ గడిలో పిల్లలు ఏం చెప్తే అది రాయండి."

సాయంత్రం చౌరస్తాలో ఆయనకు ఈ సంగతి చెప్పాను. ఆయన సాసరులో చాయ్ పోయబోయి ఆగారు.

"నీ ఉత్తమం పోయిందా?"

"పోయిందండి."

"నువ్వు మంచి పాగల్‌గానివి తమ్మీ," అన్నారు. ఆ రోజు బిస్కెట్లు ఆయన తెప్పించారు.

శుక్రవారం మధ్యాహ్నం వారాసిగూడ. ఇరుకు సందులో బడి, ఏడో తరగతి. బెంచీలు చాలక సగం మంది నేల మీద కూర్చున్నారు. మేడం తలుపు పక్కన కుర్చీలో, నేను గోడకు ఆనుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, దాని మీద ఆ కాగితం. సార్ సుద్దముక్క తీసుకుని బోర్డు మధ్యలో ఒక చిన్న గుండ్రం గీసి, దాని కింద నెమ్మదిగా, కుట్టినట్టు రాశారు: నల్లా.

"ఇది మీ గల్లీల నల్లా. మీ ఇంట్ల నీళ్లు యాడికెల్లి వస్తయి?"

"నల్లాకెల్లి!" అని అంతా ఒకేసారి అరిచారు.

"ఎప్పుడొస్తయి?"

"నాలుగు కొడితే వస్తయి సార్. ఒక్కోపారి రావు."

"మాకు అయితే వచ్చినా దొరకయి సార్," అంది నేల మీద కూర్చున్న పిల్ల. "మా అమ్మ బిందె ముందుగాల పెట్టినా వాళ్లు జరుపుతరు."

"ఎవరు జరిపిన్రే? మీ అమ్మనే రాత్రి బిందె పెట్టి పోతది!" అని వెనక నుంచి ఒకడు లేచాడు.

"నువ్వు కూసో! మీ నాయినమ్మ నాలుగు బిందెలు పెడ్తది."

నా పెన్ను అందుకోలేకపోతోంది. సార్ వాళ్లను ఆపలేదు. ఇద్దరినీ బోర్డు దగ్గరికి పిలిచి, ఎవరి ఇల్లు ఎక్కడో గీయించారు. ఇంకా నలుగురు వచ్చి తమ ఇళ్లు గీశారు. నల్లా చుట్టూ గల్లీ మొత్తం తయారైంది. అప్పుడు అడిగారు.

"ముందుగాల ఎవరు పట్టుకోవాలె? అని ఎవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలె సార్."

"చెప్పాల్నంటే ఎవరు చెప్పాలె?"

"మా తాత చెప్తె అందరు ఇంటరు."

"మీ తాత ఊరికి పోతె?"

బయట చినుకులు మొదలయ్యాయి. సగం మంది తలలు కిటికీ వైపు తిరిగాయి. "సార్, ఇయ్యాల నల్లా కాడికి పోవుడు లేదు!" అని ఒకడు అరిచాడు. అంతా నవ్వారు. సార్ కూడా కిటికీ దగ్గరికి వెళ్లి ఒకసారి వాన చూసి వచ్చారు.

"వాన రోజూ పడదు గద. చెప్పున్రి, తాత లేనినాడు?"

"అందరం కలిసి ఒకర్ని పెట్టుకోవాలె సార్," అంది ఇందాకటి పిల్ల, నెమ్మదిగా. "ఒక్క మా గల్లీకే కాదు. అన్ని గల్లీలకు."

అక్కడి నుంచి వార్డు మెంబరు, ఓటు, పన్ను, పైపులు వచ్చాయి. గంట కొట్టడానికి కొంచెం ముందు, ఆయన బోర్డు మీద మిగిలిన చిన్న చోటులో 'పురపాలక సంఘం' అని రాశారు. ఆ మాట రాయడానికి ఆయనకు ఒక నిమిషం పైనే పట్టింది. పిల్లలు ఒక్కొక్క అక్షరాన్నీ చదువుతూ ఎదురుచూశారు. నా గడియారం ఆ రోజు జేబులోనే ఉంది. నిమిషం అని రాయడం కూడా అందాజుగానే.

మేడం లేచి పిల్లలను ఒకే ప్రశ్న అడిగారు. "రేపు నల్లా దగ్గర ఏం చేస్తారు?"

బిందెలు జరిపే ఇంటి కుర్రాడు లేచాడు. "గీతలు గీస్తం మేడం. ముందు ఎవరు, వెనక ఎవరు అని. ఆ సుద్దముక్క ఇస్తరా?"

ఆవిడ సార్ వైపు చూశారు. సార్ సుద్దముక్క ఇచ్చేశారు.

శనివారం మా ఇద్దరి సర్టిఫికెట్లూ వచ్చాయి. నాదాంట్లో 'ఉత్తమం' కొట్టేసి, మేడం పొట్టి సంతకంతో 'తృప్తికరం' అని ఉంది. ఆయనదాంట్లో కొట్టివేత లేదు. మేడం కొత్త ఫారం తీసుకుని శుభ్రంగా 'తృప్తికరం' అని రాశారు. ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు.

"బరాబర్," అన్నారు. కాసేపటికి మళ్లీ, "నా బిడ్డకు ఏమని చెప్పాలె? పాసైన్నంటే నవ్వుతది. ఈ వయసుల పాసేంది అంటది."

"లెక్కలు చేసుకోమని చెప్పండి సార్. మీరు పక్కన కూర్చుంటారని."

ఆయన తల ఊపి, మేడం తిరిగిచ్చిన పాఠ్య పథకం కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గర్నే ఉండనీ. దీంట్ల నా రాత తక్కువ, నీ రాత ఎక్కువ." చౌరస్తా దాకా సైకిలు నడిపించుకుంటూ వచ్చి, చాయ్ తాగి, అంబర్‌పేట రోడ్డు వైపు వెళ్లిపోయారు. రెండేళ్ల తర్వాత ఒక కార్డు వచ్చింది. ఒక్కటే వాక్యం, కుట్టినట్టున్న అక్షరాలు: 'బిడ్డ బడి చదువు పూర్తి అయినది, లెక్కలలో కూడ.'

నేను రిటైరయ్యేదాకా పాఠ్య పథకాల్లో పిల్లల గడి ఎడమవైపే గీశాను. ఖాళీగా వదిలి, పాఠం చెప్పాక నింపేవాణ్ణి. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట తప్పు పట్టేవారు. ఒకాయన, "ఇది తిరగబడి ఉందేమిటండీ, పైగా ఏమీ రాయలేదు?" అన్నారు. తరగతికి వేళవుతోంది. "వచ్చి వెనక కూర్చోండి సార్, మీరే రాద్దురు గాని," అన్నాను. ఆయన వచ్చి కూర్చున్నారు.

ఇవాళ ఆ కాగితం మడత విప్పి మళ్లీ చదివాను. ఎడమ గడిలో నా అక్షరాలు గజిబిజిగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. నా డైరీలన్నిటిలోనూ అంత అడ్డదిడ్డంగా రాసిన పుట ఇంకొకటి లేదు. మడత దగ్గర చిరుగుతోంది. వెనక పల్చటి కాగితం అతికించి, మళ్లీ అరవై ఎనిమిదిలోనే పెట్టాను.